జ్ఞాన్‌బాగ్ రాణి జుబేదా వాళ్లమ్మ మూకీల్లో ఏం వేషాలు వేసింది?

గోషామహల్ కోడలు: జ్ఞాన్‌బాగ్ ప్యాలెస్ ముందు నుంచి పోయినప్పుడల్లా మా అత్తమ్మ "ఈ ఇంటి రాణి సినిమా యాక్టరే" అంటది. మన తొలి టాకీ 'ఆలం ఆరా' హీరోయిన్ జుబేదా, ఆ ప్యాలెస్ ధన్‌రాజ్‌గిర్ గారిని చేసుకున్నదని తెలుసు. వాళ్లమ్మ ఫాత్మా బేగం కూడా మూకీల్లో చేసిందట గదా? నాక్కావాల్సింది ఆ తల్లి సంగతి.

రీలు మామ: మంచి మనిషి గురించి అడిగినవ్ బిడ్డా. ఆమె ఉర్దూ నాటకాల నుంచి వచ్చింది. 1922లో 'వీర్ అభిమన్యు'లో సుభద్ర. ఉత్తర ఎవరనుకున్నవ్? సొంత బిడ్డ సుల్తానా! కడుపున పుట్టిన పిల్ల తెరమీద కోడలైంది. ఆడవేషాలు ఇంకా మగోళ్లే కడుతున్న రోజులవి.

సుభద్రకు కథలో ఉండేదెంత? కొడుకు పోతే ఏడ్వాలె. మన పద్యనాటకంలో అయితే రాగం తీసి వన్స్‌మోర్ కొట్టించుకునేది. మూకీలో గొంతు లేదాయె, మొఖం మీదనే నడిపించాలె. గందుకే నాకు హీరోయిన్ల కన్నా ఈమె మీదనే గౌరవం.

1926లో ఫాత్మా ఫిల్మ్స్ పెట్టి 'బుల్బులె పరిస్తాన్' తానే డైరెక్ట్ చేసింది. మనదేశంలో తొలి మహిళా డైరెక్టర్ ఆమెనే. అట్లని గద్దెనెక్కి కూసోలే, వేరే కంపెనీల సినిమాల్లో వేషాలు వేస్తనే ఉన్నది, 1938 దాకా.

బర్కత్‌పుర రాజు: మామా, మరి శశిరేఖ ఎవరు వేసిండ్రు?

రీలు మామ: అది పెళ్లి కథ నాయనా! ఇది పద్మవ్యూహం కథ.

బర్కత్‌పుర రాజు: 😀 సరే. 'బుల్బులె పరిస్తాన్' యూట్యూబ్‌లో ఉందా?

రీలు మామ: ఎక్కడా లేదు. అప్పటి రీలు నైట్రేట్‌ది. అంటుకుంటే నీళ్లల్ల ముంచినా ఆరది, మంటకు కావాల్సిన ఆక్సిజన్ దాంట్లనే పుడతది. మా ఉస్తాద్ ఆపరేటర్ క్యాబిన్ గడప దగ్గర బీడీ కనబడితే చెంప పగలగొట్టేటోడు. కాలిపోంగ మిగిలినవాటిని కొందరు రీల్లోని వెండి కోసం కరగబెట్టిండ్రు. 1931 నాటి 'ఆలం ఆరా' ప్రింటుకే దిక్కు లేదు, అంతకుముందువి ఎక్కడ దొరుకుతయి?

చాదర్‌ఘాట్ లెక్చరర్: ఒక్కమాట. మూకీలు బొంబాయి సరుకే అనుకోకండి. బెంగాలీ డైరెక్టర్ ధీరేన్ గంగూలీ 1922లో హైదరాబాద్‌లోనే లోటస్ ఫిల్మ్ కంపెనీ పెట్టి సినిమాలు తీశాడు. 1924లో 'రజియా బేగం' ఆడించాడు. అందులో ముస్లిం రాణి రజియా ఒక హిందువును ప్రేమిస్తుంది. నిజాంకు కోపమొచ్చి ఊరు విడిచిపొమ్మన్నాడు. ఆ లోటస్ సినిమాల ఫోటోలు ఎవరింట్లోనైనా ఉంటే ఇక్కడ పెట్టండి సార్.