క్రూజ్‌లో డ్రింక్స్ ప్యాకేజీ: గిట్టుబాటా, దండగా?

తొలిఅల
మా ఆయన, నేను ఏడు రాత్రుల క్రూజ్‌కి వెళ్తున్నాం. అన్నీ అయ్యాయి గానీ డ్రింక్స్ ప్యాకేజీ దగ్గర ఆగిపోయాం, అదే, రోజుకి ఇంతని ముందే కట్టేస్తే ఓడలో విడిగా బిల్లు లేకుండా తాగే పద్ధతి. ఆయన భోజనానికి ముందు ఒకటి, తర్వాత ఒకటి తీసుకుంటారు. హుషారుగా ఉన్న రోజు ఇంకొకటి. నేను ఆల్కహాల్ ముట్టను. కాఫీ మాత్రం మంచిది కావాలి, మాక్‌టెయిల్స్ (ఆల్కహాల్ లేని కాక్‌టెయిల్స్) ఇష్టం. సగానికి పైగా రోజులు ఓడ ఏదో ఒక రేవులో ఆగుతుంది. చిక్కు ఏమిటంటే, క్యాబిన్‌లో ఒకరు ఆల్కహాల్ ప్యాకేజీ తీసుకుంటే అందులో ఉన్న మిగతా పెద్దవాళ్లు కూడా తీసుకోవాల్సిందేనట. ఓడ ఎక్కాక కొంటే రేటు ఎక్కువని, ఆఫర్ అయిపోతోందని మెయిల్ మీద మెయిల్ వస్తోంది. వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి, ఇది గిట్టుబాటేనా?

పద్దుపుస్తకం
గిట్టదండి. లెక్క మీరే వేసుకోండి. ప్యాకేజీ రోజు రేటుకి సర్వీస్ ఛార్జీ కలపండి. పెద్ద కంపెనీల్లో అది 18 నుంచి 20 శాతం. బుకింగ్ పేజీలో పెద్ద అక్షరాలతో కనిపించే రేటులో చాలాసార్లు అది ఉండదు, డబ్బు కట్టే చోట వచ్చి చేరుతుంది. అలా వచ్చిన మొత్తాన్ని ఒక కాక్‌టెయిల్ ధరతో భాగించండి. కాక్‌టెయిల్‌కీ సర్వీస్ ఛార్జీ ఉంటుంది కాబట్టి అదీ కలపండి. మామూలుగా ఐదారు గ్లాసుల దగ్గర తేలుతుంది. అంటే ఒక్కో మనిషి ప్రతిరోజూ ఐదారు తాగితే పెట్టిన డబ్బు సరికి సరి. ప్యాకేజీ ప్రయాణం మొత్తానికి కొనాలి, మనకి నచ్చిన రెండు రోజులకి ఇవ్వరు. పొద్దున దిగి ఊరంతా తిరిగి సాయంత్రం ఓడ ఎక్కే రోజుకీ అదే రేటు. మీ ఇంట్లో ఒకరు రెండు, ఒకరు సున్నా. రెండు ప్యాకేజీల డబ్బు రావాలంటే మీ ఆయన ఒక్కరే రోజుకి పది దాటాలి. ఇంక ఆలోచించడానికేముంది?

డెక్‌చైర్
పద్దుపుస్తకం గారూ, మీ లెక్కలో అన్నీ కాక్‌టెయిల్సే. మనిషి పొద్దున లేచింది మొదలు ఏమేం తాగుతాడో చూడండి. కెఫేలో లాటే కాఫీ చాలా ప్యాకేజీల్లో వస్తుంది. వాటర్ బాటిల్, తాజాగా పిండిన రసం, మధ్యాహ్నం కోక్, మాక్‌టెయిల్స్ కూడా చాలావాటిలో వస్తాయి. తొలిఅల గారు రోజుకి రెండు కాఫీలు, రెండు మాక్‌టెయిల్స్ అనుకుంటే ఆవిడ వైపు నాలుగు అక్కడే అయ్యాయి. సున్నా అని ఎలా రాస్తారు?

పద్దుపుస్తకం
కాఫీని కాక్‌టెయిల్ రేటుకి కట్టి చూపించడం అన్యాయం. లాటే ధర కాక్‌టెయిల్ ధరలో సగం కూడా ఉండదు. నాలుగు కప్పులు నాలుగు గ్లాసులతో సమానం కాదు. పైగా మామూలు కాఫీ, టీ, మంచినీళ్లు, పొద్దున టిఫిన్ దగ్గర ఇచ్చే జ్యూస్ చాలా ఓడల్లో టికెట్‌లోనే కలిసి ఉంటాయి. ఊరికే వచ్చేవాటిని ప్యాకేజీ ఖాతాలో రాయకండి.

డెక్‌చైర్
ఆ మామూలు కాఫీ ఎప్పుడైనా తాగారా? మెషిన్ కింద కప్పు పెట్టి మీట నొక్కితే వచ్చేది వేడినీళ్లకి ఒక మెట్టు పైన. ఆవిడ "మంచి కాఫీ కావాలి" అని మొదటి పోస్టులోనే రాశారు.

కిటికీక్యాబిన్
కాఫీ కోసమే అయితే కొన్ని కంపెనీల్లో కాఫీ కార్డు విడిగా దొరుకుతుంది. కప్పు తీసుకున్నప్పుడల్లా ఒక గడి కొట్టేస్తారు. సోడా ప్యాకేజీ కూడా వేరే ఉంటుంది.

పద్దుపుస్తకం
అదీ మాట. నేను చెప్పే సూత్రం ఒక్కటే. ప్యాకేజీ ఉంటే ఏమేం తాగుతారన్నది లెక్కలోకి రాదు. ప్యాకేజీ లేకపోతే మీ జేబులోంచి తీసి ఏమేం కొంటారో అదే లెక్క. చేతిలో ప్యాకేజీ ఉంది కదా అని మధ్యాహ్నం మూడింటికి తాగిన మూడో మాక్‌టెయిల్‌ని లాభం కింద రాసుకోకూడదు. ప్యాకేజీ లేకపోతే అసలు దాని జోలికే వెళ్లేవారు కాదు. తేడా అక్కడుంది.

గాలివాటం
మేం తీసుకున్నాం, బ్రహ్మాండంగా గడిచింది. ఎక్కువ ఆలోచించకండి.

డెక్‌చైర్
కొనగలిగి కూడా కొనకుండా వదిలేసిన గ్లాసుకి విలువ లేదంటే నేను ఒప్పుకోను. ఓడ మీద ప్రతి గ్లాసుకీ కార్డు ఇవ్వాలి, వాళ్లు గీకాలి, చీటీ వస్తుంది, సంతకం పెట్టాలి. చాలాచోట్ల సర్వీస్ ఛార్జీ వేశాక కూడా ఆ చీటీ మీద అదనపు టిప్ కోసం ఒక ఖాళీ గీత ఉంటుంది. పక్కన మనిషి నిలబడి ఉంటే ఆ గీత దగ్గర పెన్ను ఆగుతుంది. రోజంతా ఇదే. పొద్దుపోయాక యాప్ తెరిస్తే ఖర్చుల పట్టీ. సెలవు కోసం వెళ్లి ఇంటి బడ్జెట్ వేసుకుంటూ కూర్చోవడమేనా?

నిమ్మసోడా
నేను అస్సలు తాగను. నా అనుభవం వినండి. స్నేహితులం కలిసి వెళ్లాం. ఖర్చంతా కలిపి సమానంగా పంచుకుందాం అనుకున్నాం. నాతోపాటు క్యాబిన్‌లో ఉన్న మనిషికి ప్యాకేజీ కావాలి, రూలు ప్రకారం నాకూ కొనాలి. "నీకు జ్యూసులొస్తాయిగా" అన్నారు. వాళ్లు అర్ధరాత్రి దాకా బార్‌లో, నేను నిమ్మకాయ ముక్క వేసిన సోడాతో పక్కన. చివరికి నా వాటా వాళ్ల వాటాతో సమానం. నోరు తెరిస్తే "ఇంత చిన్న విషయానికా" అన్నారు. చిన్న విషయమైతే వాళ్లే కట్టొచ్చుగా?

కిటికీక్యాబిన్
నిమ్మసోడా గారూ, ఆ రూలు ఎందుకంటే ఒకరి ప్యాకేజీ మీద ఇద్దరు తాగుతారని కంపెనీల భయం. అందుకే ఒకసారికి ఒక్క గ్లాసే ఇస్తారు, మళ్లీ అడగాలంటే కొన్ని నిమిషాలు ఆగాలి. పంచుకుంటూ దొరికితే ప్యాకేజీ రద్దు చేస్తారు. కానీ తొలిఅల గారు ఒకసారి ఫోన్ చేసి అడిగి చూడాలి. తాగనివాళ్లకి ఆల్కహాల్ లేని ప్యాకేజీ, అంటే తక్కువ రేటుది, ఇవ్వడానికి కొన్ని కంపెనీలు ఒప్పుకుంటాయి. వెబ్‌సైట్‌లో ఆ దారి కనిపించదు, మనిషితో మాట్లాడాలి.

తొలిఅల
చాలా థ్యాంక్స్ అండి, రేపే చేస్తాను. రేవులో దిగిన రోజు ప్యాకేజీ పనికొస్తుందా?

కిటికీక్యాబిన్
ఊళ్లోని బార్లలో పనికిరాదు. కంపెనీ సొంత దీవుల్లో ఒక్కోచోట ఒక్కో పద్ధతి. రాయల్ కరీబియన్ వాళ్ల కోకోకే దీవిలో చెల్లుతుంది. మీ ఓడ ఆగే చోటు గురించి ముందే అడగండి. ఇంకో సంగతి, గ్లాసు ధరకి పరిమితి ఉంటుంది. అది దాటిన వైన్ గానీ విస్కీ గానీ అడిగితే కొన్నిచోట్ల తేడా కట్టాలి, కొన్నిచోట్ల పూర్తి ధర వేస్తారు.

డెక్‌చైర్
నిమ్మసోడా గారికి జరిగింది అన్యాయమే. కాకపోతే అది స్నేహితులు పంచుకున్న తీరులో తప్పు. ప్యాకేజీ ఏం చేసింది?

పద్దుపుస్తకం
ప్యాకేజీ ఏం చేసిందో నేను చెప్తాను. ముందే డబ్బు కట్టించుకుని "ఎంతైనా తాగు" అంటే మనిషి డబ్బు వసూలు చేసుకోవాలనుకుంటాడు. కార్నివాల్ వాళ్ల ప్యాకేజీలో 24 గంటలకి 15 ఆల్కహాల్ డ్రింకులు పరిమితి. పదిహేను! అంత ఎత్తున గీత గీసి, దానికి కింద ఎక్కడున్నా పర్వాలేదని మనిషికి చెప్పినట్టే. ఆల్కహాల్ ఎంత తక్కువైనా పూర్తిగా సురక్షితమని చెప్పలేమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టంగా చెప్పింది. ఓడ ఊగితే వేసుకునే మెక్లిజిన్ మాత్రతో మందు కలిస్తే మగత ఇంకా ఎక్కువవుతుంది. ఇవి ఎవరూ బ్రోషర్‌లో వేయరు.

డెక్‌చైర్
ఆవిడ అడిగింది డబ్బు గురించి. మీరు ఆరోగ్య పాఠం మొదలుపెట్టారు. గిట్టుబాటు నుంచి కాఫీకి, కాఫీ నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థకి. రెండు గ్లాసులు తాగే మనిషిని పట్టుకుని పదిహేను అంటారేంటి? అందరూ తాగుబోతులే అనుకుంటే ఎలా అండి?

పద్దుపుస్తకం
ఎవరినీ ఆ మాట అనలేదు. నా నోట్లో మీరు మాటలు పెట్టకండి.

డెక్‌చైర్
అనకపోయినా మొదటి పోస్టు నుంచీ అదే ధోరణి. గ్లాసు కనిపిస్తే చాలు, మీకు నేరం కనిపిస్తోంది.

పద్దుపుస్తకం
సరే, చెప్పాల్సి వచ్చింది కాబట్టి చెప్తున్నాను. మా బావమరిది మాతో వచ్చాడు. ఇంటి దగ్గర పండక్కో పెళ్లికో ఒకటి పుచ్చుకునే మనిషి. ఓడ మీద ప్యాకేజీ కొన్నాడు. మొదటి రోజు సాయంత్రమే "ఇవాళ్టిది ఇంకా రాలేదు" అన్నాడు. రాలేదంటే డబ్బు. పడుకోబోతూ మళ్లీ లేచి వెళ్లి ఇంకొకటి తెచ్చుకునేవాడు, తాగాలని ఉండి కాదు, లెక్క సరిపోవాలని. ఒక రాత్రి మెట్ల దగ్గర పడ్డాడు. నుదురు చీరుకుంది. ఓడ డాక్టరు కుట్లు వేశాడు, ఆ బిల్లు ప్యాకేజీ కంటే పెద్దది. మర్నాడు మేమంతా ఎంతో కాలంగా చూడాలనుకున్న రేవు. నా భార్య చెల్లెలు అతని దగ్గరే కూర్చుంది. బాల్కనీలోంచి ఊరు చూసింది, అంతే. ఆ మనిషికి తాగుడు అలవాటు లేదు. అతన్ని అక్కడికి తీసుకెళ్లింది "కట్టేశాం కదా" అన్న మాట. అందుకే ఈ ప్రశ్న ఎవరు అడిగినా నేను వచ్చి వద్దంటాను.

గాలివాటం
అయ్యో. చాలా బాధగా ఉంది చదువుతుంటే.

మోడరేటర్
ఇద్దరూ కొంచెం నెమ్మదించండి. వ్యక్తిగతంగా వెళ్లొద్దు.

డెక్‌చైర్
పద్దుపుస్తకం గారూ, మీ ఇంట్లో జరిగినదానికి నిజంగా బాధపడుతున్నాను. నా సంగతి కూడా వినండి. మా ఇంట్లో చిన్నప్పటి నుంచి ప్రతి పైసా చెప్పి తీసుకోవడం, చెప్పి ఖర్చు పెట్టడం. నా భార్యదీ అలాంటి ఇల్లే. హోటల్లో మెనూ ఇస్తే ఆమె చూపు ముందు కుడివైపు వరసకి పోతుంది, అంటే ధరలకి. వేలు అక్కడ పెట్టి పైనుంచి కిందికి దిగుతుంది. తక్కువ ధర దొరికాక ఎడమవైపు చూసి అదేమిటో తెలుసుకుంటుంది. డబ్బు ఇప్పుడు సరిపడా ఉంది, అయినా ఆ వేలు ఆగదు. ప్యాకేజీ తీసుకున్న ప్రయాణంలో బార్‌లో మెనూ చేతికిస్తే ఆమె పేర్లు చదివింది. దేంట్లో ఏముందో ఆ కుర్రాడిని అడిగింది. ఒకటి నచ్చలేదు, సగంలో పక్కన పెట్టేసింది. మా పెళ్లయ్యాక ఆమె ఒక గ్లాసు సగంలో వదిలేయడం అదే మొదటిసారి చూశాను. మీ సూత్రం ప్రకారం అది వృథా. నేను ప్యాకేజీ కొన్నది ఆ సగం గ్లాసు వదిలేసే స్వేచ్ఛ కోసం. రోజుకి ఎన్నయ్యాయో నేను లెక్కపెట్టలేదు, పెట్టను కూడా.

పద్దుపుస్తకం
సగం వదిలేయగలిగే మనిషికి ప్యాకేజీ వల్ల హాని లేదు. ఆ మాట ఒప్పుకోవడానికి నాకేం అభ్యంతరం లేదు. కానీ ఆ స్వేచ్ఛకి మీరు కట్టింది చిన్న మొత్తం కాదు. అదే డబ్బు ఆవిడ చేతికిచ్చి నచ్చింది తాగమంటే రాదా?

డెక్‌చైర్
రాదు. చేతికిస్తే దాచుకుంటుంది. వెనక్కి రాని డబ్బయితేనే ఆమె మర్చిపోగలిగింది.

నిమ్మసోడా
కట్టేసిన డబ్బు మీ ఆవిడకి మర్చిపోవడానికి పనికొచ్చింది, ఆయన బావమరిదికి అదే పీడకల అయింది. ఇంతసేపూ కాఫీ దగ్గర ఎందుకు కొట్టుకున్నారు?

పద్దుపుస్తకం
కాఫీ గురించి నేను చెప్పింది ఇప్పటికీ సరైనదే.

కిటికీక్యాబిన్
ఈ గొడవ వద్దనుకునేవాళ్లకి వేరే దారి కూడా ఉంది. సిల్వర్‌సీ, రీజెంట్ లాంటి ఖరీదైన కంపెనీల్లో డ్రింకులు టికెట్‌లోనే కలిసి ఉంటాయి. వైకింగ్ సముద్ర క్రూజ్‌లలో మధ్యాహ్నం, రాత్రి భోజనాలతో బీరు, వైన్ ఇస్తారు. టికెట్ ధర ఎక్కువ, నిజమే. అయితే ఎవరి గ్లాసు ఎవరు కట్టారన్న ప్రశ్న రాదు.

తొలిఅల
నిన్న రాత్రి ఇద్దరం కూర్చుని ఇదంతా చదివాం. మా ఆయన బావమరిది సంగతి దగ్గర చాలాసేపు ఆగారు. తర్వాత ఒక మాట అన్నారు: "నాకు ప్యాకేజీ మీద మోజు లేదు. రెండో గ్లాసు చెప్పినప్పుడు నువ్వు నా వైపు చూసే చూపు ఉంటుందే, అది తప్పించుకోవడానికి కొందామనుకున్నాను." నేను అలా చూస్తానని నాకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. ఆయన తాగుతారని నాకు కోపం లేదు. ఎక్కువవుతుందేమోనని టెన్షన్. ప్యాకేజీ ఉంటే ఆ టెన్షన్ నాకు రెట్టింపవుతుంది, లేకపోతే ఆ చూపు ఆయనకి బరువవుతుంది. చాలాసేపు మాట్లాడుకున్నాం. ప్యాకేజీ తీసుకోవట్లేదు. ఆయన ఓడ ఖాతాలో ఆయనకంటూ ఒక మొత్తం ముందే వేసుకుంటారు, దేనికి పెట్టారో నేను అడగను, యాప్‌లో చూడను. నేను కాఫీ కార్డు కొనుక్కుంటున్నాను. కంపెనీకి ఫోన్ చేశాను. నాకు ఆల్కహాల్ లేని ప్యాకేజీ ఇవ్వడానికి ఒప్పుకున్నారు కూడా, ఆయనే ఇంక అక్కర్లేదన్నారు.

డెక్‌చైర్
మీ ఇద్దరికీ అది కుదిరితే అంతకన్నా ఏం కావాలి. ఒక్క మాట, ఆ మొత్తం కొంచెం ధారాళంగా వేయనివ్వండి. మధ్యలో అయిపోతే మళ్లీ మిమ్మల్ని అడగాల్సిన పరిస్థితి ఆయనకి రాకూడదు.

పద్దుపుస్తకం
మంచి పని చేశారు. సర్వీస్ ఛార్జీ కలుపుకుని ఆ మొత్తం వేయండి, అది మర్చిపోతే అంచనా కంటే ముందే అయిపోతుంది. ఆఫర్ పోతుందన్న తొందరలో ప్యాకేజీ బుక్ చేసేసి ఉంటే ప్రయాణానికి ముందే రద్దు చేసుకోండి. గడువు ఎప్పటిదాకా ఉందో బుకింగ్ పేజీలోనే ఉంటుంది. ఓడ ఎక్కాక మామూలుగా డబ్బు వెనక్కి రాదు.