నమ్మకం లేని మా ఆయన రోజూ కాదిష్ చెప్పడానికి వెళ్తున్నారు, ఇందులో నాకూ పాపకూ చోటెక్కడ?

ఎడిసన్_తెనాలి:

అందరికీ నమస్కారం. మాది తెనాలి, పెళ్ళయ్యాక పన్నెండేళ్ళుగా న్యూజెర్సీలో ఉంటున్నాం. మా ఆయన యూదు కుటుంబంలో పుట్టారు గానీ పస్కాకు వాళ్ళమ్మగారింట్లో భోజనం, హనుక్కాకు దీపాలు, అంతకు మించి ఏమీ ఉండేది కాదు. దేవుణ్ణి నమ్మరు, ఇప్పటికీ నమ్మరు. పోయిన చలికాలం మా అత్తగారు పోయారు. ఏడు రోజులు షివా పాటించారు, అద్దాలకు గుడ్డలు కప్పారు, వచ్చినవాళ్ళే వంట చేసి తెచ్చి పెట్టారు, మన మైల రోజులే గుర్తొచ్చాయి నాకు. అక్కడితో అయిపోతుందనుకున్నాను. అవలేదు. రోజూ ఆఫీసు నుంచి నేరుగా సినగాగ్‌కి (యూదుల ప్రార్థన మందిరానికి) వెళ్ళి, సాయంత్రం ప్రార్థనలో నిలబడి, పోయినవాళ్ళ కోసం చెప్పే కాదిష్ చెప్పి ఇంటికొస్తున్నారు.

తల్లికైనా తండ్రికైనా 11 నెలలు చెప్తారట. పన్నెండు ఎందుకు కాదని అడిగాను. మహాపాపులకే పై లోకంలో 12 నెలల విచారణ ఉంటుందని పెద్దల మాట, మా అమ్మ అంత పాపి అని మేమే ఒప్పుకున్నట్టు అవుతుంది కాబట్టి ఒక నెల ముందే ఆపేస్తాం అన్నారు. ఆ మాట వింటే నాకు కళ్ళు చెమర్చాయి.

ఆయనకు తోడుగా ఉందామని నేనూ వెళ్ళడం మొదలుపెట్టాను. కాదిష్‌లో చావు అన్న మాటే లేదు, అరామిక్ భాషలో దేవుడి పేరును కీర్తించడమే. ఇంగ్లీషు అక్షరాల్లో చదవలేక నా నోట్‌బుక్‌లో తెలుగులో రాసుకున్నాను: "యిత్‌గదల్ వెయిత్‌కదష్ షెమే రబ్బా". మన అక్షరాల్లో చక్కగా ఒదిగిపోయింది.

అసలు సంగతి ఇది. కాదిష్ చెప్పాలంటే పదిమంది పెద్దవాళ్ళు ఉండాలి, దాన్ని మిన్యాన్ అంటారు. మేం వెళ్ళేచోట ఆడవాళ్ళనూ లెక్కిస్తారు. మనుషుల్ని ఒకటి, రెండు అని లెక్కపెట్టరు, కీర్తనల్లోంచి పది మాటలున్న ఒక వాక్యం తీసుకుని మనిషికో మాట చెప్పుకుంటూ పోతారు. (మా తాతయ్య కల్లంలో ధాన్యం కొలిచేటప్పుడు "ఒకటి" అనకుండా "లాభం" అని మొదలుపెట్టేవాడు, అది గుర్తొచ్చింది.) ఫిబ్రవరిలో మంచు బాగా పడిన రోజున తొమ్మిది మాటల దగ్గరే ఆగిపోయింది. గదిలో నాతో కలిపి పదిమందిమి ఉన్నాం. కానీ నేను యూదురాలిని కాదు, లెక్కలోకి రాను. అందరం ఇరవై నిమిషాలు తలుపు వైపు చూస్తూ కూర్చున్నాం. చివరికి ఒక పెద్దాయన బూట్ల నిండా మంచుతో వచ్చాడు, మా ఆయన లేచి నిలబడ్డారు. నేను ఎవర్నీ తప్పుపట్టడం లేదు, నియమం నియమమే. అయినా ఆ ఇరవై నిమిషాలు నా మనసులోంచి పోవడం లేదు.

మా పాపకు పదేళ్ళు. యూదత్వం తల్లి నుంచి వస్తుంది కాబట్టి తనకి కూడా మత మార్పిడి జరగాలని మేం వెళ్ళేచోట అంటారు. అమెరికాలో రిఫార్మ్ అనే ఉదార శాఖ యూదులు తండ్రి యూదుడైనా ఒప్పుకుంటామని 1983లోనే తీర్మానించారని విన్నాను. "నేను సగమా?" అని అడిగింది పాప. ఏం చెప్పాలో తోచలేదు.

నమ్మకం లేకుండా చేసే పనికి అర్థం ఉంటుందా? ఇంట్లో ఏదైనా మొదలుపెట్టాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

షికాగో_శుక్రవారం:

అక్కా, నేను తొమ్మిదేళ్ళ క్రితం యూదు మతంలోకి మారాను. ముగ్గురు పెద్దల ముందు కూర్చుని ప్రశ్నలకు జవాబులు చెప్పి, తర్వాత మిక్వే అనే శుద్ధి స్నానపు కొలనులో మునిగి వచ్చాను. అందుకని మీరూ మారండని చెప్తాననుకోకండి, అది ఒకరు చెప్తే చేసేది కాదు.

నమ్మకం గురించి ఒక్క మాట. నిర్గమకాండం 24వ అధ్యాయంలో సీనాయి కొండ దగ్గర జనం "నాసె వెనిష్మా" అంటారు. "చేస్తాం, వింటాం" అని. తెలుగు బైబిల్లో రెండో మాటను విధేయులమై ఉంటామని అనువదించారు, కానీ హీబ్రూలో అది వినడం, అర్థం చేసుకోవడం కూడా. చేయడం ముందు, అర్థం తర్వాత. మీ ఆయన చేస్తున్నది సరిగ్గా అదే, పైగా ఆయనకు ఎవరూ నేర్పకుండానే.

ఫ్రాంజ్ రోసెన్‌జ్వైగ్ అని జర్మనీ తత్వవేత్త ఉండేవాడు. 1913లో క్రైస్తవుడు కాబోయి ఆగి, మళ్ళీ యూదు జీవితంలోకి వచ్చినవాడు. ప్రార్థనలో తెఫిల్లిన్ (చేతికీ నుదుటికీ కట్టుకునే చిన్న తోలు పెట్టెలు) కట్టుకుంటావా అని అడిగితే "ఇంకా లేదు" అన్నాడని చెప్తారు. కట్టుకోను అనలేదు. ఈ రెండు మాటల మీద నేను చాలా ఏళ్ళు నడిచాను. పంది మాంసం మానేశాను, కానీ మాంసానికీ పాలకూ వేర్వేరు గిన్నెలు పెట్టుకోవడం ఇంకా లేదు. శనివారం వంట మానేశాను, కారు నడపడం మానడం ఇంకా లేదు.

ఇంట్లో మొదలుపెట్టాలంటే షబ్బత్, అంటే శనివారపు విశ్రాంతి దినం, మొదలయ్యే శుక్రవారం సాయంత్రమే. సూర్యాస్తమయానికి 18 నిమిషాల ముందు రెండు కొవ్వొత్తులు. బల్ల మీద రెండు హల్లా రొట్టెలు, ఎడారిలో ఆకాశం నుంచి పడిన మన్నా అనే ఆహారం శుక్రవారం రెట్టింపు కురిసిందని గుర్తుగా. ఫోన్లు సొరుగులో. తర్వాత పాప తల మీద చేతులు పెట్టి దీవించండి. ఆడపిల్లలను శారా, రిబ్కా, రాహేలు, లేయాలలాగ ఉండమని దీవిస్తారు. అందులో రిబ్కా, రాహేలు, లేయా పుట్టింటిని వదిలి వేరే ఇంటికి వచ్చినవాళ్ళే, రాహేలు అయితే నాన్న విగ్రహాలను తీసుకుని ఒంటె జీనులో దాచుకుని మరీ బయల్దేరింది. "సగమా" అని అడిగే పిల్లకు చెప్పడానికి ఆ నలుగురి కథలే చాలు.

చేబ్రోలు_దగ్గర:

అక్కా, మాది మీ తెనాలి పక్కనే. చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో 1991 నుంచి చిన్న సినగాగ్ ఉంది, మేం యూదులుగా బతికే బెనె ఎఫ్రాయిమ్ వాళ్ళం. మాదిగ కుటుంబాలం, మా తాతల కాలంలో చర్చికి వెళ్ళేవాళ్ళం. మమ్మల్ని యూదులమని ఇజ్రాయెల్ ఇంకా గుర్తించలేదు. కాబట్టి లెక్కలోకి రాకపోవడం అంటే ఏంటో నాకు బాగా తెలుసు.

మా దగ్గర షబ్బత్ అంటే ముందు కూలి లెక్క. మిరప కోతలప్పుడు శనివారం రానంటే మేస్త్రి ఆదివారం కూడా పిలవడు. మా అమ్మ కొన్నేళ్ళు వెళ్ళింది, కొన్నేళ్ళు మానింది. మానిన శనివారాల్లో పొద్దున్నే తలస్నానం చేసి ఉతికిన చీర కట్టుకుని అరుగు మీద కూర్చునేది. ఊళ్ళో వాళ్ళు పొలానికి పోతూ "ఒంట్లో బాగోలేదా" అని అడిగేవాళ్ళు. "బానే ఉంది, ఇవాళ నా రోజు" అనేది. జీవితమంతా వేరేవాళ్ళ పొలంలో వంగి పనిచేసిన మనిషి, వారంలో ఒక రోజు నాది అనడం ఎంత పెద్ద మాటో అది చూసినవాళ్ళకే తెలుస్తుంది. ఐగుప్తులో (ఈజిప్టులో) బానిసగా ఉన్నావు కాబట్టి విశ్రాంతి తీసుకో అని ద్వితీయోపదేశకాండంలో ఉంది. మాకు దాన్ని ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు.

మగపిల్లల దీవెనలో యోసేపు కొడుకులు ఎఫ్రాయిము, మనష్షే పేర్లు వస్తాయి. ఆ ఎఫ్రాయిము పేరే మాది. వాళ్ళిద్దరూ ఐగుప్తు అమ్మాయికి పుట్టినవాళ్ళక్కా. మీ పాపకు ఇది కూడా చెప్పండి.

హైఫా_పరిశోధకుడు:

నాకు పై మాటల్లో ఒకదానితో పేచీ ఉంది. చేస్తూ పోతే అర్థం అదే వస్తుందనడం అందరి విషయంలో నిజం కాదు. ఏళ్ళ తరబడి అన్నీ పాటించి, ఏమీ అందక వదిలేసిన స్నేహితులు నాకున్నారు. నేను యూదుణ్ణి కాను, నాలుగేళ్ళుగా ఇక్కడ చదువుకుంటున్నాను. ఇక్కడ దేవుడి ఊసే ఎత్తని వాళ్ళు కూడా యోమ్ కిప్పూర్ అనే ప్రాయశ్చిత్త దినం రోజు కార్లు తీయరు, ఖాళీ రోడ్ల మీద పిల్లలు సైకిళ్ళు తొక్కుతారు. ఆ రోజు వాళ్ళకు భక్తి కన్నా అందరితో కలిసి ఉండటమే ముఖ్యం. మీ ఆయనది కూడా అలాంటిదేనేమో, అది తక్కువ రకం ఏమీ కాదు.

కానీ మీకు పనికొచ్చేది చదువు అనిపిస్తోంది. లెక్కలోకి రాకపోయినా, పుస్తకం ముందు కూర్చోవడానికి మిమ్మల్ని ఆపేవాళ్ళు మీ ఊళ్ళో ఉండకపోవచ్చు. ఇద్దరు కలిసి వాదించుకుంటూ చదవడాన్ని హవ్రూతా అంటారు. నేను ఒక రిటైరైన టీచర్‌తో వారానికొక పేజీ చదువుతాను. యూదు పండితుల చర్చల పుస్తకమైన తల్ముద్‌లో, మోషే కాలంలో ముందుకొచ్చి చాలా తరాల తర్వాతి గురువు రబ్బీ అకీవా పాఠానికి వెళ్ళిన కథ ఉంది. ఎనిమిదో వరుస వెనక కూర్చుంటాడు, వాళ్ళు మాట్లాడుతున్నది ఒక్క ముక్క అర్థం కాదు, నీరసపడిపోతాడు. ఇంతలో ఒక శిష్యుడు ఇది మీకెలా తెలుసని అడిగితే, సీనాయి దగ్గర మోషేకు అందిన ధర్మమే ఇది అంటాడు అకీవా. అప్పుడు మోషే మనసు కుదుటపడుతుంది. తోరా (యూదుల ధర్మశాస్త్రం) తెచ్చినవాడే వెనక వరుసలో కూర్చున్నాడండి. మీరు మంచు రోజున కూర్చున్న కుర్చీ గురించి చదవగానే నాకు ఇదే గుర్తొచ్చింది.

ఎడిసన్_తెనాలి:

అందరికీ చాలా థాంక్స్, ఒక్కొక్కటీ రెండుసార్లు చదివాను. మోషే కథ మా ఆయనకు చెప్తే ఆయనకే తెలియదట, పుస్తకం తీసి వెతికారు.

నిన్న శుక్రవారం దీపాలు పెట్టాం. హల్లా కొన్నదే. దీవెన దగ్గరకొచ్చేసరికి ఆయన పాప తల మీద చేతులు పెట్టి శారా, రిబ్కా వరకు చెప్పి ఆగిపోయారు. చిన్నప్పుడు వాళ్ళమ్మ చేతులు ఎప్పుడూ ఉల్లిపాయల వాసన వేసేవట. మిగతా రెండు పేర్లు పాపే చెప్పింది, తర్వాత వాళ్ళ నాన్న తల మీద తన చేతులు పెట్టింది. అలా చేయాలని ఎవరూ చెప్పలేదు. ఎఫ్రాయిము వాళ్ళమ్మ సంగతి చెప్తే మాత్రం చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, పడుకునేటప్పుడు "ఆవిడ పేరేంటి?" అని అడిగింది. ఆసెనతు అని చూసి చెప్పాను.

చేబ్రోలు తమ్ముడూ, ఆ దీవెన మీ ఇంట్లో తెలుగులో ఎలా చెప్పుకుంటారు? బైబిల్లో ఉన్నట్టు కాకుండా మీ అమ్మగారు చెప్పే మాటల్లోనే రాసి పెట్టవా? వచ్చే శుక్రవారం నేను చెప్తాను పాపకు.