ట్యూషన్ బయట కొట్లాట, పైగా వీడియో

మారతహళ్లి అమ్మ: మావాడు పదో తరగతి. ఇన్‌స్టా గ్రూపులో ఫోటో మీద ఏదో కామెంటు, రెండు రోజులు అక్కడే తిట్టుకున్నారు, చివరికి ట్యూషన్ బయట నలుగురు కలిసి కొట్టారు, ఐదోవాడు వీడియో తీసి పెట్టాడు. దెబ్బలు తగ్గాయి కానీ ఆ వీడియో కింద నవ్వులే వాణ్ని తినేస్తున్నాయి. ఫోన్ లాగేసుకోనా? పోలీసులంటే టెన్షన్.

హెబ్బాళ్ బాబాయ్: ఫోన్ లాక్కుంటే ఈసారి మీకేమీ చెప్పడమ్మా. ముందు స్క్రీన్‌షాట్లు, లింకులు దాచండి, ఆ తర్వాతే ఇన్‌స్టాలో రిపోర్ట్ కొట్టండి, లేకపోతే సాక్ష్యం పోతుంది. మా రోజుల్లో కొట్లాట ఇంటి బెల్లుతో అయిపోయేది, ఇప్పుడు అందరూ చూస్తున్నారని ఎవడూ వెనక్కి తగ్గడు.

లాయర్ అక్క: కొట్టినవాళ్లూ 18 లోపే కదా, 2015 జువెనైల్ జస్టిస్ చట్టం కింద బాలల న్యాయమండలికి వెళ్తారు, పెద్దల జైలుకి కాదు. వాళ్ల జీవితాలు పాడవుతాయని ఎవరైనా మిమ్మల్ని ఆపితే వినకండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి కూడా ఫోన్ చేయొచ్చు.

బీటీఎం తమ్ముడు: వాడు నిద్రపోతున్నాడా? లేకపోతే నిమ్హాన్స్ మానసిక ఆసుపత్రికి తీసుకెళ్లండి, పిల్లల విభాగం ఉంది. రాత్రయినా మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416 పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు.

మారతహళ్లి అమ్మ: ఇప్పుడే నోరు విప్పాడు. వీడియో తీసింది వాడి బెంచీవాడేనట, దానికే ఏడుస్తున్నాడు.