అప్‌డేట్: అమ్మానాన్నల టికెట్లు పాయింట్లతో బుక్ అయ్యాయి

హైదరాబాద్ నుంచి టొరంటోకి అమ్మానాన్నల్ని క్రెడిట్ కార్డు పాయింట్లతో రప్పించడం కుదురుతుందా అని ఆ మధ్య అడిగాను కదా. కుదిరింది! సలహాలిచ్చిన అందరికీ చాలా థాంక్స్.

అన్నిటికంటే బాగా పనికొచ్చింది, ఇంటి కిరాణా ఖర్చంతా అమెక్స్ (అమెరికన్ ఎక్స్‌ప్రెస్) కోబాల్ట్ క్రెడిట్ కార్డు మీదకి మార్చడం. కెనడాలో కిరాణా, హోటల్ తిండి మీద డాలరుకి 5 పాయింట్లు ఇస్తారు, నెలకి 2,500 డాలర్ల ఖర్చు దాకా. వాటిని ఒకటికి ఒకటి చొప్పున ఎయిర్ కెనడా వాళ్ల పాయింట్ల స్కీమ్ ఏరోప్లాన్‌లోకి పంపుకోవచ్చు. అయితే మనం సోనా మసూరి, కందిపప్పు కొనే చిన్న దేశీ షాపులు కొన్ని అమెక్స్ తీసుకోవు. కాస్ట్‌కోలో క్రెడిట్ కార్డుల్లో మాస్టర్‌కార్డే నడుస్తుంది. రెండో కార్డు జేబులో ఉండాల్సిందే.

నావి, మా ఆవిడవి పాయింట్లు ఏరోప్లాన్ ఫ్యామిలీ షేరింగ్‌లో కలిపాం. లుఫ్తాన్సాలో ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా సీట్లు దొరికాయి. ఒక్కచోటే విమానం మారాలి, నాన్న మోకాళ్లకి అదే పెద్ద ఊరట. వీల్‌చెయిర్ కూడా ముందే చెప్పి పెట్టాను.

పన్నులు, వేరే ఎయిర్‌లైన్ టికెట్ కాబట్టి పడే 39 డాలర్ల పార్ట్‌నర్ బుకింగ్ ఫీజు మాత్రం డబ్బులిచ్చి కట్టాలి. ఏరోప్లాన్ ఇంధన సర్‌చార్జీ వెయ్యదు, నా దృష్టిలో అసలు లాభం అక్కడే. తిరుగు టికెట్లకి సీట్లు ఇంకా వెతుకుతున్నాను.