ముఫాసాకి గొంతిచ్చిన జేమ్స్ ఎర్ల్ జోన్స్ అసలు ఎలాంటి నటుడు? నత్తి సంగతి నిజమేనా?

కృష్ణలంక కుర్రాడు:

మా అక్క కొడుకుకి పదకొండేళ్లు, మాటలో నత్తి ఉంది. ఇంట్లో బాగానే మాట్లాడతాడు కానీ క్లాసులో లేచి చదవమంటే మొదటి అక్షరం దగ్గరే ఆగిపోతాడు, పిల్లలు నవ్వుతారు, దాంతో ఈ మధ్య బడిలో నోరు విప్పడమే మానేశాడు. వాడికి 'ద లయన్ కింగ్' అంటే ప్రాణం, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ డైలాగులన్నీ వచ్చు. ఇంగ్లీషులో సింహరాజు ముఫాసాకి గొంతిచ్చినాయనకి చిన్నప్పుడు నత్తి ఉండేదని, కొన్నేళ్లు అసలు మాట్లాడనే లేదని, స్టార్ వార్స్ సినిమాల్లో విలన్ డార్త్ వేడర్ గొంతు కూడా ఆయనదేనని ఎవరో చెప్పారు. ఇలాంటివి వాట్సాప్‌లో చాలా తిరుగుతుంటాయి కాబట్టి వాడికి చెప్పేముందు నిజమో కాదో తెలుసుకుందామని అడుగుతున్నా.

ఇంకోటి. ఆయన గురించి ఎక్కడ చదివినా ముందు రంగస్థల నటుడు అని రాసి ఆ తర్వాతే సినిమాల సంగతి ఎత్తుతున్నారు. మనకి తెలిసింది గొంతు ఒక్కటే కదా. నాటకాల్లో ఆయన ఏం చేశారు, వాటిలో ఇప్పుడు చూడగలిగేవి ఏమైనా ఉన్నాయా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి ప్లీజ్.

న్యూజెర్సీ నాటకాభిమాని:

నిజమేనండీ, ఆయనే ఎన్నో ఇంటర్వ్యూల్లో చెప్పుకున్న విషయం. 1931 జనవరి 17న మిసిసిపి రాష్ట్రంలో ఆర్కబుట్ల అనే ఊళ్లో పుట్టారు. తండ్రి వదిలి వెళ్లిపోతే అమ్మమ్మ, తాతయ్యలే పెంచారు. పిల్లాడికి ఐదేళ్లప్పుడు ఆ కుటుంబం ఉత్తరాన మిషిగన్‌లో ఒక పొలానికి తరలిపోయింది. దక్షిణాదిలో నల్లవాళ్లకి బతుకు దుర్భరమై లక్షల మంది అలా ఉత్తరానికి వలసపోయిన కాలం అది. ఆ మార్పు పిల్లాడి మీద గట్టిగా పడింది. నత్తి మొదలైంది, బడిలో నవ్వారు, ఇక మాట్లాడటం మానేశాడు. దాదాపు ఎనిమిదేళ్లు బడిలో మూగవాడి లెక్కే. పొలంలో పశువులతో మాత్రం మాట్లాడేవాడు.

హైస్కూల్లో డొనాల్డ్ క్రౌచ్ అనే ఇంగ్లీషు మాస్టారు దొరికారు. ఈ కుర్రాడు గుట్టుగా కవితలు రాసుకుంటున్నాడని ఆయనకి తెలిసింది. ఒక చలికాలం ప్రభుత్వం సహాయం కింద ఆ ప్రాంతానికి గ్రేప్‌ఫ్రూట్లు పంపింది, మన పంపరపనస జాతి పండు. అంత చలిలో ఆ పండు రుచి ఈ అబ్బాయిని ఎంత ముంచేసిందంటే దాని మీద ఏకంగా ఒక కవిత రాసేశాడు. మాస్టారు చదివి, ఇంత బాగుంది, నువ్వే రాశావని నమ్మకం ఏంటి, నీదే అయితే కాగితం చూడకుండా అందరి ముందూ చెప్పు అన్నారు. దొంగతనం అంటగట్టారన్న రోషంతో లేచి నిలబడి మొత్తం చెప్పేశాడు, ఒక్కచోట కూడా తడబడలేదు. ఆ తర్వాత మాస్టారు వదిలిపెట్టలేదు, కవితలు చదివించారు, వక్తృత్వ పోటీలకి పంపించారు.

మిషిగన్ యూనివర్సిటీలో డాక్టర్ చదువు వైపు అని చేరి నాటకానికి మారిపోయారు. కొంతకాలం సైన్యంలో లెఫ్టినెంట్. మానిస్టీ అనే చిన్న ఊళ్లో రామ్స్‌డెల్ థియేటర్ అని ఉంది, అక్కడ మొదట సెట్లు కొట్టే వడ్రంగి పని చేశారు, తర్వాత స్టేజ్ మేనేజర్, తర్వాత నటుడు. షేక్‌స్పియర్ నాటకంలో ఒథెల్లో పాత్ర మొదటిసారి వేసింది కూడా అక్కడే. అందుకే ఆయన్ని ముందు రంగస్థల నటుడు అంటారు. సుత్తి పట్టుకుని మొదలుపెట్టిన మనిషి.

తండ్రి సంగతి కూడా చెప్పాలి. రాబర్ట్ ఎర్ల్ జోన్స్ బాక్సర్‌గా ఉండి నటుడైనవాడు, 1950లలో బ్లాక్‌లిస్టులో పడి, అంటే కమ్యూనిస్టులన్న అనుమానంతో పని ఇవ్వకుండా దూరం పెట్టినవాళ్ల జాబితాలో పడి నలిగాడు. 'ద స్టింగ్' సినిమా చూసినవాళ్లకి గుర్తుంటాడు, మొదట్లోనే చనిపోయే పెద్దాయన లూథర్. కొడుకు పెద్దయ్యాక న్యూయార్క్ వచ్చి తండ్రిని కలుసుకున్నాడు. ఇద్దరూ పొట్టకూటికి నేలలు తుడిచే పని చేస్తూ, మిగిలిన వేళల్లో వేషాల కోసం తిరిగారు. పసితనంలో వదిలేసి పోయిన తండ్రితో కలిసి పనిచేసి, తర్వాత ఒకే నాటకంలో నటించడం అంటే మాటలు కాదు.

సినిమాల సూరి:

నేను సినిమాల వరకే చెప్తా బ్రో. మొదటిది కుబ్రిక్ తీసిన 'డాక్టర్ స్ట్రేంజ్‌లవ్', 1964. అది దొరికింది కూడా నాటకం వల్లే. న్యూయార్క్ సెంట్రల్ పార్కులో 'మర్చెంట్ ఆఫ్ వెనిస్' ఆడుతుంటే నటుడు జార్జ్ సి. స్కాట్‌ని చూద్దామని కుబ్రిక్ వెళ్లాడు, అందులో మొరాకో రాజకుమారుడి వేషంలో ఉన్న ఈయన్ని కూడా చూసి విమానంలో బాంబులు వేసే కుర్ర ఆఫీసర్ పాత్ర ఇచ్చాడు. 'క్లాడిన్' (1974) తప్పక చూడు, ఆరుగురు పిల్లల తల్లిని ప్రేమించిన చెత్త బండి కార్మికుడు, ఆ నవ్వు చూస్తే డార్త్ వేడర్ ఈయనే అంటే నమ్మలేం. 'మేట్‌వాన్', 'ఫీల్డ్ ఆఫ్ డ్రీమ్స్', 'ద హంట్ ఫర్ రెడ్ అక్టోబర్' కూడా బాగుంటాయి. 'కమింగ్ టు అమెరికా'లో ఆయన రాజు, మ్యాడ్జ్ సింక్లెయిర్ రాణి, ఆరేళ్ల తర్వాత లయన్ కింగ్‌లో ముఫాసాకీ, అతని రాణి సరాబీకీ వీళ్లిద్దరిదే గొంతు. మీ మేనల్లుడికి ఇది చెప్తే సంబరపడతాడు. 2019లో మళ్లీ తీసినప్పుడు పాత గొంతుల్లో ఈయన్ని మాత్రమే ఉంచుకున్నారు.

తెనాలి రంగస్థలం:

సూరి గారూ, సినిమాలు సరే, కానీ వాటిలో ఆయనకి దక్కినవి చాలావరకు పక్క పాత్రలు. సినిమా ఆయన గొంతుని వాడుకున్నంతగా మనిషిని వాడుకోలేదనేది నా అభిప్రాయం. నాటకమే ఆయనకి నిండు పాత్రలు ఇచ్చింది. 1961లో న్యూయార్క్‌లో జాన్ జెనే నాటకం 'ద బ్లాక్స్' మొదలైంది, అందులో ఈయనతో పాటు సిసిలీ టైసన్, మాయా ఏంజెలో, లూయిస్ గాసెట్, రాస్కో లీ బ్రౌన్. పేర్లు చూడండి, ఒక తరం నల్లజాతి నటులంతా ఒకే వేదిక మీద. 1,400కి పైగా ప్రదర్శనలు ఆడింది. తర్వాత నిర్మాత జోసెఫ్ పాప్ సెంట్రల్ పార్కులో ఉచితంగా వేయించే షేక్‌స్పియర్ నాటకాల్లో ఏళ్ల తరబడి వేశారు, టికెట్ కొనలేని జనం కూడా చూశారు.

పేరు తెచ్చింది 'ద గ్రేట్ వైట్ హోప్'. 1908లో హెవీవెయిట్ ఛాంపియన్ అయిన మొదటి నల్లవాడు జాక్ జాన్సన్ కథ ఆధారంగా రాసింది. ఆయన్ని ఓడించడానికి ఎవరో ఒక తెల్ల బాక్సర్ రావాలని దేశమంతా ఎదురుచూసిన సంగతి, తెల్ల అమ్మాయిని ప్రేమించినందుకు చట్టం వెంటాడిన సంగతి. గుండు కొట్టించుకుని, కండలు పెంచి, 1968లో బ్రాడ్వే మీద, అంటే న్యూయార్క్ పెద్ద నాటకశాలల్లో, ఆ పాత్ర వేశారు, మరుసటి ఏడాది టోనీ అవార్డు వచ్చింది, నాటకాలకి అక్కడ ఇచ్చే పెద్ద అవార్డు అది. అప్పటికి సైన్యంలోకి పోనన్నందుకు బాక్సింగ్ టైటిల్ పోగొట్టుకుని ఉన్న ముహమ్మద్ అలీ వచ్చి నాటకం చూసి అది తన కథే అన్నాడు. 1970లో సినిమాగా తీస్తే ఆస్కార్‌కి నామినేట్ అయ్యారు, ఉత్తమ నటుడి విభాగంలో సిడ్నీ పాయిటియర్ తర్వాత రెండో నల్లజాతి నటుడు.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది 1987 నాటి 'ఫెన్సెస్', ఆగస్ట్ విల్సన్ రాసింది. పిట్స్‌బర్గ్‌లో చెత్త ఎత్తే ట్రాయ్ మాక్సన్, ఒకప్పటి బేస్‌బాల్ ఆటగాడు, నల్లవాళ్లని పెద్ద లీగుల్లోకి రానివ్వని రోజుల్లో వయసైపోయినవాడు. కొడుక్కి ఫుట్‌బాల్ ఆడే అవకాశం వస్తే అడ్డం పడతాడు. ఒక చోట కొడుకు అడుగుతాడు, నేనంటే నీకెందుకు ఇష్టం లేదు నాన్నా అని. ట్రాయ్ కరగడు. నువ్వు రోజూ తింటున్నావా, తల మీద కప్పుందా, ఒంటి మీద బట్టుందా అని వరసగా అడిగి, ఇవన్నీ నిన్ను ఇష్టపడి ఇస్తున్నాననుకున్నావా, నువ్వు నా కొడుకువి, అది నా బాధ్యత, ఇష్టపడాలని ఎక్కడా లేదు అంటాడు. ఆ సీనులో కొన్ని ముక్కలు వీడియోలో దొరుకుతాయి, చూడండి. జోన్స్ అరవాల్సిన చోట అరిచి ఊరుకోరు, ప్రతి ప్రశ్న తర్వాత కొడుకు జవాబు చెప్పేదాకా వదలరు, ఆ కుర్రాడు నిలబడిన తీరే మారిపోతుంది. దీనికి రెండో టోనీ వచ్చింది. ఇదే నాటకాన్ని డెంజెల్ వాషింగ్టన్ తీసిన 2016 సినిమా కూడా మంచిదే, కానీ ఈ పాత్రని మొదట మలిచింది ఈయన.

పూర్తిగా చూడాలంటే 1973లో సెంట్రల్ పార్కులో వేసిన 'కింగ్ లియర్' టీవీ కోసం రికార్డు చేశారు, దొరికితే వదలకండి. అప్పటికి ఆయనకి నలభై రెండేళ్లు, ఎనభై ఏళ్ల రాజుగా ఎలా మారిపోయారో చూడండి.

సినిమాల సూరి:

గౌరవంగానే అంటున్నా సార్, నాటకం ఎంతమంది చూస్తారు? మా ఊళ్లో పిల్లాడికి కూడా ఆయన తెలిశాడంటే డార్త్ వేడర్ వల్లే.

కృష్ణానగర్ మైక్:

నేను డబ్బింగ్ చెప్పుకుని బతికేవాణ్ణి, అందుకని మధ్యలో వస్తున్నా. ఆ గొంతు నాటకం లేకుండా రాదు సూరీ. డార్త్ వేడర్ సూట్ లోపల ఉన్నది డేవిడ్ ప్రౌజ్, ముఖం మీద మాస్క్, పెదాలు లేవు, కళ్లు లేవు. డబ్బింగ్‌లో మామూలుగా పెదాల కదలిక మనల్ని నడిపిస్తుంది, ఇక్కడ అదీ లేదు. పైగా ఎక్కువ భావం పలికించొద్దు, గొంతు పెద్దగా ఎత్తొద్దు దించొద్దు అన్నది పద్ధతి. అంత ఇరుకులో భయం పుట్టించాలి. వేల మందికి మైకు లేకుండా వినిపించడం వచ్చినవాడికే ఎక్కడ తగ్గాలో తెలుస్తుంది. మొదటి సినిమాకి ఆయనకి ఇచ్చింది 7,000 డాలర్లు, కొన్ని గంటల పని. తనది స్పెషల్ ఎఫెక్ట్స్ కింద లెక్క అని పేరు కూడా వేయొద్దన్నారు. 1983లో మూడో సినిమాకి గానీ టైటిల్స్‌లో పేరు పడలేదు. రెండో సినిమాలో డార్త్ వేడర్ హీరోతో నేను నీ తండ్రిని అనే మాట స్క్రిప్టులో చూసి, వీడు అబద్ధమాడుతున్నాడు అనుకున్నారట.

మన దగ్గర 2019 లయన్ కింగ్‌లో ముఫాసాకి చెప్పింది రవిశంకర్ గారు, 'అరుంధతి'లో పశుపతి గొంతు ఆయనే. వాళ్ల నాన్న పీజే శర్మ గారు నాటకాల నుంచి వచ్చినవారే, అన్నయ్య సాయికుమార్ గారి గొంతు సంగతి మీకు చెప్పక్కర్లేదు. రెండు చోట్లా ముఫాసా రంగస్థలం వాసన తగిలిన గొంతుతోనే మాట్లాడాడు, నాకు ఆ మాట చెప్పుకోవడం ఇష్టం.

మా వాళ్లంతా మాట్లాడుకునే విషయం ఇంకోటి ఉంది. 2022 నాటికి వయసు మీద పడి, డార్త్ వేడర్ పాత్ర మానేద్దామనుకుని, పాత రికార్డింగుల నుంచి ఏఐతో గొంతు తయారు చేసుకోవడానికి ఆయన సంతకం పెట్టి ఒప్పుకున్నారు. యుక్రెయిన్ కంపెనీ ఒకటి ఆ పని చేసింది. ఆయన్ని అడిగి చేశారు, అది సరైన పద్ధతి. మా లాంటి పేరు లేని గొంతుల్ని అడిగేవాళ్లు ఉంటారా అనేదే నా టెన్షన్.

మాట నేర్పే టీచర్, హనుమకొండ:

కృష్ణలంక కుర్రాడు గారూ, నేను స్పీచ్ థెరపిస్టుని. ఈ కథ బాబుకి చెప్పండి, కానీ కవిత చదివాడు, నత్తి పోయింది అన్నట్టు మాత్రం చెప్పకండి. జోన్స్ గారికి నత్తి జీవితాంతం ఉంది, మాట్లాడే ముందు పదాలు చూసుకుని ఎంచుకునేవాణ్ణని ఆయనే చెప్పారు. కంఠతా వచ్చిన పద్యం చెప్పేటప్పుడు, పాడేటప్పుడు, ఇంకొకరి పాత్రలో మాట్లాడేటప్పుడు చాలామందికి నత్తి బాగా తగ్గుతుంది, మీ బాబు లయన్ కింగ్ డైలాగులు గడగడా చెప్పడం కూడా అదే. అంతమాత్రాన మామూలు మాటల్లో కూడా రావాలి కదా అని ఒత్తిడి పెట్టొద్దు. వాక్యం మీరు పూర్తి చేయకండి, నెమ్మదిగా చెప్పు అని మధ్యలో అనకండి, చెప్పేదాకా ఆగండి. క్లాస్ టీచర్‌తో విడిగా మాట్లాడి, లేపి చదివించేముందు వాణ్ణి అడగమనండి. క్రౌచ్ మాస్టారు చేసింది ఆ పిల్లాడికి పని చేసింది, అందరు పిల్లల్నీ అలా నిలదీస్తే కొందరు ఇంకా ముడుచుకుపోతారు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మాట, వినికిడి సమస్యలు చూసే అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, ఒకసారి చూపించండి.

కృష్ణలంక కుర్రాడు:

అందరికీ చాలా థాంక్స్. టీచర్ గారూ, మధ్యలో నెమ్మదిగా చెప్పు అనేది మా ఇంట్లో అందరికీ అలవాటే, ఈ రోజే అక్కకి ఫోన్ చేసి చెప్తాను. న్యూజెర్సీ గారూ, ఆయన చివరిదాకా నాటకాలు వేశారా? వాడితో కలిసి మొదట ఏది చూడమంటారు?

న్యూజెర్సీ నాటకాభిమాని:

వేశారండీ. 2008లో నల్లజాతి నటులతో వేసిన 'క్యాట్ ఆన్ ఎ హాట్ టిన్ రూఫ్'లో బిగ్ డాడీ, 2010లో వెనెస్సా రెడ్‌గ్రేవ్‌తో 'డ్రైవింగ్ మిస్ డైజీ', 2015లో సిసిలీ టైసన్‌తో 'ద జిన్ గేమ్'. అప్పటికి ఆయనకి 84, ఆమెకి తొంభై దాటింది, 'ద బ్లాక్స్' రోజుల నుంచి తోటి నటులు, వేదిక మీద ఇద్దరే కూర్చుని పేకాడుకుంటూ పోట్లాడుకునే నాటకం అది. 2011లో గౌరవ ఆస్కార్, 2017లో జీవితకాల టోనీ ఇచ్చారు. 2022లో బ్రాడ్వేలోని కోర్ట్ థియేటర్‌కి ఆయన పేరు పెట్టారు, 48వ వీధిలో ఉంటుంది. 2024 సెప్టెంబరు 9న, 93 ఏళ్ల వయసులో పోయారు.

పిల్లాడితో అయితే 'కింగ్ లియర్' ఇప్పుడొద్దు, 'ఫెన్సెస్' కూడా ఇంకో నాలుగైదేళ్లు ఆగాలి. 'ఫీల్డ్ ఆఫ్ డ్రీమ్స్'తో మొదలుపెట్టండి. చివర్లో బేస్‌బాల్ గురించి ఆయన మాట్లాడే ఒక పెద్ద ముక్క ఉంది, తొందర లేకుండా, మాటకీ మాటకీ మధ్య కావాల్సినంత సమయం తీసుకుంటూ చెప్తారు. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ పెట్టి చూపించండి.