లేస్ స్కార్ఫ్‌లో ప్రతిసారీ వరుస చివర ఒక కుట్టు తగ్గిపోతోంది, సాయం చేయండి

మా నెల్లూరు ఎండల్లో ఊలు అల్లుతున్నానంటే నవ్వుతారు గానీ, ఢిల్లీలో ఉన్న మా చెల్లికి డిసెంబరు లోపు పంపాలి. రెండు వైపులా ఒకేలా కనిపించే లేస్ ఇది. 34 కుట్లు, 5 మి.మీ. సూదులు, అక్రిలిక్ ఊలు. మొదట ఒక మామూలు కుట్టు, తర్వాత సూది మీద పోగు వేసి రెండు కుట్లు కలిపి అల్లడం, అలా 16 సార్లు, చివర మళ్లీ ఒక మామూలు కుట్టు. అన్ని వరుసలూ ఇంతే.

పది పన్నెండు వరుసలు బాగానే వస్తాయి, ఆ తర్వాత లెక్కపెడితే 33. తేడా ఎప్పుడూ వరుస చివరే, కలపడానికి రెండు ఉండాల్సిన చోట ఒకటే ఉంటోంది. కింది వరుసలో మొదటి కుట్టు పక్కన వేసిన పోగే పోతోందని నా అనుమానం. చెమట చేతులకు ఊలు అతుక్కుని అక్కడ అసలు ఏదీ సరిగా కనపడదు.

వెంటనే గమనిస్తే కుట్ల మధ్య అడ్డంగా ఉన్న పోగును లేపి సూదికి ఎక్కిస్తున్నాను, లెక్క సరిపోతుంది గానీ ఆ రంధ్రం చిన్నదైపోతోంది. రెండు వరుసలు దాటాక చూస్తే అదీ కుదరదు. ప్రతి పదో వరుసలో కుట్లు జారిపోకుండా వాటిలోంచి కుట్టుదారం ఎక్కించి, తప్పు వస్తే అక్కడి దాకా విప్పి కూడా చూశాను, మూడుసార్లు, మళ్లీ అదే కథ.

ఇప్పుడు మొత్తం విప్పేసి, రెండు అంచుల్లో ఒక్కోటి బదులు మూడేసి మామూలు కుట్లు పెట్టి 38తో మొదలుపెడదామనుకుంటున్నాను. అలా చేస్తే అంచు బిగిసిపోయి మధ్యలో లేస్ ముడతలు పడుతుందా, పడదా?