చిన్న లినక్స్ పరికరంలో వెబ్‌కిట్: జీటీకే పోర్టా, డబ్ల్యూపీఈనా?

ప్రశ్న:
మేము తయారుచేస్తున్న సమాచార తెర ఆర్మ్ బోర్డు మీద, డెస్క్‌టాప్ లేని లినక్స్‌తో నడుస్తుంది. తెర నిండా కనిపించేది ఒకే ఒక తెలుగు వెబ్ పేజీ. ఆ పేజీ మ్యాక్‌లోని సఫారీలో చక్కగా కనిపిస్తోంది కనుక, పేజీలను చూపే అదే ఇంజిన్ అయిన వెబ్‌కిట్‌ను మా సీ++ అప్లికేషన్‌లో ఎంబెడ్ చేయాలనుకుంటున్నాం. దానికి లినక్స్‌లో ఉన్న జీటీకే, డబ్ల్యూపీఈ పోర్టుల్లో (ప్లాట్‌ఫామ్‌కు తగ్గట్టు మలచిన రూపాల్లో) ఏది తీసుకోవాలి? పేజీ సఫారీలో ఉన్నట్టే కనిపిస్తుందా?

జవాబు 1:
“అదే ఇంజిన్” అన్నమాట సగమే నిజమండి. హెచ్‌టీఎంఎల్‌ను చదవడం, సీఎస్ఎస్ ప్రకారం పేజీని అమర్చడం వంటివి వెబ్‌కిట్‌లోని వెబ్‌కోర్ అనే భాగంలో అన్ని పోర్టులకూ ఉమ్మడిగా ఉంటాయి. కానీ గీయడం, అక్షరాలను కూర్చడం, నెట్‌వర్క్, వీడియో మాత్రం ఆయా ప్లాట్‌ఫామ్‌లోని లైబ్రరీలకే వదిలేస్తారు. ఉదాహరణకు గ్రాఫిక్స్‌కాంటెక్స్ట్ అనే క్లాసును చూడండి. పైనుంచి పిలిచే కోడ్‌కు గీత గీయమనడం ఒకటే తెలుసు. దాని వెనుక ఆపిల్ పోర్టుల్లో కోర్‌గ్రాఫిక్స్, లినక్స్ పోర్టుల్లో 2024 నాటి 2.46 వెర్షన్ నుంచి స్కియా పనిచేస్తున్నాయి. అంతకుముందు అక్కడ కైరో ఉండేది. గీసే లైబ్రరీనే మార్చేసినా లేఅవుట్ కోడ్‌ను తిరగరాయవలసిన అవసరం రాలేదంటే ఈ విభజన ఎంత పకడ్బందీగా ఉందో ఊహించవచ్చు.

జవాబు 2:
మీకు డబ్ల్యూపీఈ సరిపోతుంది. జీటీకే అంటే విండోలు, బటన్ల వంటివి కట్టే టూల్‌కిట్. దాని పోర్టు ఆ విండోలో ఇమిడే విడ్జెట్‌ను (తెర భాగాన్ని) ఇస్తుంది, మీకు విండోలే లేవు. డబ్ల్యూపీఈ ఏ టూల్‌కిట్‌నూ ఆశించకుండా, గీసిన ఫ్రేమును దాన్ని తెరకు చేర్చే బ్యాకెండ్‌కు నేరుగా అందిస్తుంది. సెట్‌టాప్ బాక్సుల వంటి పరికరాలకే దాన్ని రూపొందించారు. క్రోమ్ బ్రౌజర్‌కు ఆధారమైన క్రోమియంను అప్లికేషన్‌లో ఎంబెడ్ చేసే సీఈఎఫ్ కూడా ఉంది కానీ, ఒక్క పేజీ కోసం అంత బరువు ఎత్తుకోవడం నాకు సబబుగా తోచదు.

జవాబు 3:
తెలుగు విషయంలో జాగ్రత్త. సఫారీలో ఒత్తులనూ గుణింతాలనూ కూర్చేది ఆపిల్ లైబ్రరీ అయిన కోర్‌టెక్స్ట్, మీ పరికరంలో హార్ఫ్‌బజ్ అనే వేరే లైబ్రరీ. 2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు సంయుక్తాక్షరాన్ని చూపబోయిన ఐఫోన్ యాప్‌లు కుప్పకూలడానికి కారణమైన లోపం కూడా కోర్‌టెక్స్ట్‌దే, ఐఓఎస్ 11.2.6లో దాన్ని సరిచేశారు. కాబట్టి పేజీని మ్యాక్‌లో చూసి సరిపెట్టుకోకుండా బోర్డు మీదే పరీక్షించండి. తెలుగు ఫాంటును కూడా మీరే చేర్చాలి, లేకుంటే అక్షరాల చోట డబ్బాలు కనిపిస్తాయి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు. పేజీ కుప్పకూలితే మా అప్లికేషన్ కూడా పోతుందా?

జవాబు 2:
పోదు. పేజీ విడి ప్రాసెస్‌లో నడుస్తుంది. అది ఆగిపోయినప్పుడు మీ అప్లికేషన్‌కు సిగ్నల్ అందుతుంది. దాన్ని అందుకొని పేజీని మళ్లీ లోడ్ చేయించండి. అయితే వెంటవెంటనే కూలుతూ ఉంటే అదే పనిగా లోడ్ చేయకుండా, ప్రతిసారీ కొంత వ్యవధి పెంచుతూ పోవడం మేలు.